'జారు'కు ఒక్క పంక్తి చాలదు: తెలుగు నిఘంటు సంపాదకులకు బహిరంగ లేఖ

తెలుగు నిఘంటువులను కూర్చుతున్న సంపాదక మండళ్లకు, వాటిని ఫోన్లలోకీ కంప్యూటర్లలోకీ ఎక్కిస్తున్న సాంకేతిక బృందాలకు నమస్కారాలు.

నేను చాలా ఏళ్లు ఒక దినపత్రిక జిల్లా డెస్కులో ఉపసంపాదకుడిగా పనిచేసి, ఇప్పుడు వారాంతాల్లో విదేశాల్లోని తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో మన భాష నేర్పుతున్నాను. భాషాశాస్త్రంలో నాకు పట్టా లేదు. అయినా ఒకే ఒక్క క్రియాపదం గురించి మీకింత పెద్ద ఉత్తరం రాయవలసి వస్తోంది. ఆ పదం 'జారు'.

కొన్ని వారాల కిందట తరగతిలో ఒక చిన్న కథ చదివిస్తున్నాను. పెళ్లింట్లో భోజనాల దగ్గర మాటామాటా పెరగగానే మామయ్య మెల్లగా అక్కడి నుంచి జారుకున్నాడు అనే వాక్యం వచ్చింది. డాలస్‌లో ఉండే తొమ్మిదేళ్ల పాప చదవడం ఆపేసి, "మామయ్యకు దెబ్బ తగిలిందా మాస్టారూ?" అని కంగారుగా అడిగింది. పాప తప్పేమీ లేదు. తన ఫోనులోని నిఘంటువులో 'జారుకున్నాడు' అని వెతికితే ఏమీ దొరకలేదు. 'జారు' అని వెతికితే 'పట్టు తప్పి కిందికి పోవు' అని ఒకే పంక్తి కనిపించింది. ఆ పంక్తిని నమ్ముకుని చదివితే మామయ్య పెళ్లిపందిట్లో వెల్లకిలా పడినట్టే అర్థమవుతుంది. అదే వారం పాప 'జారుడుబండ' అని వెతికిందట. ఆ మాట లేదు గాని, నిఘంటువు దానికి దగ్గరగా ఉందని 'జారుడు' అనే మాట చూపించి, పక్కన 'విటుడు' అని అర్థం ఇచ్చింది. వాళ్లమ్మ నాకు ఫోను చేసి, "ఏమండీ, బడిలో పిల్లలు ఎక్కి జారే బల్లకూ దీనికీ ఏమిటి సంబంధం?" అని అడిగితే, ఏ సంబంధమూ లేదని చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. నిఘంటువు ఒక్క గుర్తుతో చేయగలిగిన పని అది.

ముందు ఆ గుర్తు సంగతే మనవి చేస్తాను. మన జకారం రాతలో ఒకటే అయినా నోట్లో రెండు. 'జడ' అన్నప్పుడు నాలుక పళ్ల వెనుకకు చేరుతుంది, 'జనం' అన్నప్పుడు అంగిలి వైపు పోతుంది. మొదటిది దంత్యం, రెండోది తాలవ్యం. అచ్చతెలుగు మాటల్లో అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓల ముందు జకారం దంత్యంగానూ, ఇ, ఈ, ఎ, ఏల ముందు తాలవ్యంగానూ పలుకుతుందనీ, సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో ఎక్కడైనా తాలవ్యమేననీ 1858 నాటి బాలవ్యాకరణంలోనే చిన్నయసూరి నియమం చెప్పాడు. ఆ లెక్కన కిందికి జారే 'జారు' దంత్యం, 'ౙారు'. విటుడనే అర్థం గల 'జారుడు' సంస్కృతపు 'జార' శబ్దం నుంచి వచ్చింది కాబట్టి తాలవ్యం. ఉత్తర్వులకు వాడే 'జారీ' అరబ్బీ నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా మన కచేరీల్లోకి వచ్చింది, అదీ తాలవ్యమే. అరబ్బీలో ఆ మాటకు పారుతున్నది, నడుస్తున్నది అని అర్థం. పుట్టుక వేరయినా రెంటిలోనూ కదలిక ఉండడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది గాని, ముచ్చట వేరు, నిఘంటువు వేరు. 'కాలు జారి' అన్నప్పటి 'జారి'నీ, 'ఆదేశాలు జారీ' అన్నప్పటి 'జారీ'నీ ఒకే గొంతుతో చదివే యంత్రాలు ఇప్పుడు మా తరగతిలోకి కూడా వచ్చేశాయి. పిల్లలు మా దగ్గర కంటే వాటి దగ్గరే ఎక్కువ వింటున్నారు.

ఇంకో సంగతి కూడా ఉంది. పాత రాతలో ఈ క్రియ 'జాఱు', బండి ఱతో. కురుక్షేత్రంలో కృష్ణుడు చక్రం పట్టుకుని రథం మీది నుంచి తన పైకి దూకిన తీరును అంపశయ్య మీది భీష్ముడు తలుచుకునే పద్యం తెలుగువాళ్లలో చాలామందికి నోటికి వచ్చు. పోతన ఆ పద్యంలో పచ్చని ఉత్తరీయం జారడాన్ని చెప్పినప్పుడు వాడింది ఈ ఱకారమే. సంస్కృతపు 'జార'లో ఉన్నది మామూలు ర. అంటే ఒకప్పుడు ఈ రెండు మాటలకూ మొదటి అక్షరం పలుకులోనూ, రెండో అక్షరం రాతలోనూ రెండు చోట్ల తేడా ఉండేది. బండి ఱను మనం రోజువారీ రాతలో వదిలేశాం, జకారం మీది గుర్తును అచ్చులోంచి తీసేశాం. చివరికి వేరు వేరు ఇళ్లలో పుట్టిన ఇద్దరికీ ఒకే బట్టలు తొడిగి అక్కాచెల్లెళ్లని చెబుతున్నాం. కాలు జారిన స్త్రీ కాబట్టి జారిణి అన్నారనే వ్యుత్పత్తిని నేను చదువుకున్న వాళ్ల నోటే విన్నాను. అది పూర్తిగా తప్పు. ఆ తప్పు ఒక మామూలు కదలికను నిందగా మారుస్తోంది గనక, దాన్ని సరిదిద్దే బాధ్యత మీ మీద ఉందని నా అభిప్రాయం.

గుర్తు పెట్టడానికి సాధనం లేదని అనలేం. దంత్య అక్షరాలు ౘ, ౙ 2008లోనే యూనికోడ్‌లో చేరాయి. బ్రౌన్ నిఘంటువును సవరించి 1903లో ముద్రించినవాళ్లు ఈ రెండు జకారాలనూ రోమను లిపిలో వేరు వేరుగా చూపారు. నూట ఇరవై ఏళ్ల కిందట సీసపు అక్షరాలతో చేయగలిగినది ఇవాళ ఫోనులో చేయలేకపోవడానికి కారణం నాకు కనిపించడం లేదు. రోజూ రాసే రాతలోకి ఆ అక్షరాలను తిరిగి తెమ్మని నేను అడగడం లేదు. నిఘంటువులో ఆరోపం, అంటే అర్థానికి ముందు పెట్టే మాట, దాని పక్కన ఉచ్చారణ కోసం ఒక్కసారి చూపితే చాలు.

ఇక అర్థాల సంగతి. మీరు ఈ క్రియకు అర్థాలు రాసేటప్పుడు ఎలా జారింది అని ఆలోచిస్తున్నట్టున్నారు. ఏది జారింది అని ఆలోచించమని నా ప్రార్థన. తెలుగులో ఈ క్రియకు అర్థమిచ్చేది దాని ముందున్న కర్త. గుండె జారితే భయం. నోరు జారితే అనకూడని మాట బయటపడడం. పైట జారితే ఒకటి, వెన్నుపూస జారితే మరొకటి, రూపాయి జారితే ఇంకొకటి. గర్భసంచి జారడం అనేది ఊళ్లలో పెద్దవయసు ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పుకోకుండా మోసే బాధ. వాళ్లు ఆసుపత్రిలో దాన్ని కూడా పేరు పెట్టి చెప్పరు, 'కింద ఏదో జారినట్టుందమ్మా' అని ఊరుకుంటారు. ఆ ఒక్క వాక్యాన్ని అర్థం చేసుకోవలసిన కొత్త డాక్టరమ్మ తెలుగు తెలియని ఊరి నుంచి వచ్చి, ఫోనులో మాట వెతికి, 'కింద పడ్డారా?' అని అడిగితే, ఆ పెద్దామె ఇంకోసారి నోరు విప్పదు.

కొన్నిచోట్ల కర్త స్థానంలో జారేది కాక, జారించేది కూర్చుంటుంది. వానాకాలం పెరట్లో పాచి పట్టిన గచ్చు చూపించి, 'జాగ్రత్త నాయనా, నేల జారుతోంది' అంటారు. నేల ఎక్కడికీ పోవడం లేదు, పోయేది మన కాలు. అయినా తెలుగువాడు నేలే జారుతోందని అంటాడు, వినేవాడు పొరపడడు. ఇది మాకు ఎంత సహజమంటే, పిల్లలకు చెప్పవలసి వచ్చేదాకా ఇందులో ఒక విశేషం ఉందని నాకే తట్టలేదు. మీ పుస్తకాల్లో 'జారు స్వభావం కలిగి ఉండు' అన్న అర్థం ఒక వాక్యంతో సహా ఉంటే, ఇంకో ఉపాధ్యాయుడికి నాకు పట్టినంత కాలం పట్టదు.

డెస్కులో పనిచేసిన రోజుల్లో నాకు ఎదురైన ఒక సంఘటన చెప్పాలి. ఈ ఉత్తరం రాయడానికి మామయ్య కథ వంక మాత్రమే, అసలు కారణం ఇది. విలేకరుల నుంచి వచ్చే చిన్న చిన్న మరణవార్తలను మేం మూడు నాలుగు వాక్యాలకు కుదించేవాళ్లం. వాటికి తయారుగా ఉండే పదబంధం 'ప్రమాదవశాత్తు కాలు జారి'. బావిలో పడినా, చెరువులో పడినా, మేడ మీది నుంచి పడినా అదే. నేను ఆ మూడు మాటలను ఎన్ని వందలసార్లు రాసి ఉంటానో లెక్క లేదు. ఒకరోజు తాటిచెట్టు మీది నుంచి పడి చనిపోయిన గీత కార్మికుడి వార్తలోనూ అలాగే రాశాను. నాలుగో రోజున ఆయన భార్య, మరిదిని తోడు తీసుకుని మా కార్యాలయానికి వచ్చింది. పేపరు ముక్కను నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుని తెచ్చింది. అది విప్పి నా బల్ల మీద పరిచి, వేలితో ఆ వాక్యం చూపించింది. ఆమెకు చదువు రాదు, ఎక్కడ ఉందో ఎవరితోనో చెప్పించుకుని గుర్తు పెట్టుకుంది. "కాలు జారలే సారూ. మోకు జారింది. పాత మోకు. కాలు జారిందని రాస్తే తాగి ఎక్కిండనుకుంటరు," అంది.

మోకు అంటే గీత కార్మికుడు నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే తాడు. మోకు జారితే అది తాడు పాతబడడం, కొత్తది కొనే స్తోమత లేకపోవడం, రక్షణ సాధనాలు అందకపోవడం. కాలు జారితే అది మనిషి పొరపాటు. క్రియ ఒకటే, కర్త మారగానే తప్పు ఒకరి మీది నుంచి ఇంకొకరి మీదికి మారింది. చదువు రాని ఆ మనిషికి ఈ తేడా అద్దంలా తెలుసు, ఉద్యోగం కోసం తెలుగు రాస్తున్న నాకు తెలియలేదు. మేం సవరణ వేశాం, రెండు అంగుళాల్లో. 2024లో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య పేరుతో రక్షణ కిట్ల పంపిణీ మొదలుపెట్టిందన్న వార్త చదివినప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చింది బల్ల మీద పరిచిన ఆ పేపరు ముక్కే.

అప్పటి నుంచి ఈ క్రియ ఎక్కడ వినిపించినా, కనిపించినా ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను. రాసుకుంటూ పోగా నాకు అర్థమైనదేమిటంటే, తప్పు ఎవరిది, ఎంత అన్నది తూచడానికి తెలుగువాళ్లు ఈ మాటను తక్కెడలా వాడుకుంటారు. వంటింట్లో గిన్నె పడి పగిలిందనుకోండి. 'గిన్నె జారింది' అంటే అందులో ఎవరి ప్రమేయమూ లేదు. 'చేయి జారింది' అంటే నా చేయి ఉంది గాని నా ఉద్దేశం లేదు. 'జారవిడిచాను' అంటే పట్టుకోవలసిన బాధ్యత నాది, పట్టుకోలేకపోయాను. 'జారవిడుచుకున్నాను' అంటే ఆ నష్టం కూడా నాదే. నాలుగు వాక్యాల్లో నాలుగు మెట్లు. క్రికెట్ వార్తల్లో ఆటగాడు క్యాచ్ జారవిడుస్తాడు, అది అతని వైఫల్యం. వరదల్లో హెలికాప్టర్లు ఆహార పొట్లాలు జారవిడుస్తాయి, అది కావాలని చేసే పని. కాబట్టి జారవిడవడంలో ఉద్దేశం ఉందా లేదా అన్నది చేతిలో ఉన్న వస్తువును బట్టి తెలుస్తుంది. కాని 'జారవిడుచుకొను' దగ్గరికి వచ్చేసరికి ఆ సందేహం లేదు. అవకాశం, ఆధిక్యం, అధికారం, ఏదైనా సరే, జారవిడుచుకున్నవాడు దాన్ని పోగొట్టుకున్నవాడే. ఈ రెండింటినీ ఒకే ఆరోపం కింద, ఒకే అర్థంతో ఇచ్చిన నిఘంటువులను చూశాను.

'కొను' చేరడం వల్ల వచ్చే మార్పు మామయ్య విషయంలో మరీ స్పష్టం. జారినవాడికి దెబ్బ తగులుతుంది, జారుకున్నవాడు దెబ్బ తప్పించుకుంటాడు. ఒకటి అదుపు తప్పడం, రెండోది పూర్తి అదుపులో ఉండి ఎవరి కంటా పడకుండా తప్పుకోవడం. అయితే అదే 'జారుకొను' నిద్ర దగ్గరికి, మత్తు దగ్గరికి, కోమా దగ్గరికి వచ్చేసరికి మళ్లీ అదుపు పోతుంది. పసిబిడ్డ నిద్రలోకి జారుకుంటే అందులో ఉపాయం ఏమీ లేదు, శబ్దం లేకుండా ఒక చోటు నుంచి ఇంకో చోటుకు పోవడం ఒక్కటే ఉంది. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఆ చప్పుడు లేకపోవడమే అని నాకనిపిస్తుంది. దీన్ని మీలో వ్యాకరణం తెలిసినవారు నాకంటే బాగా వివరించగలరు. నేను అడిగేది వివరించి ఊరుకోవద్దని, 'జారుకొను'కు దాని సొంత ఆరోపం ఇవ్వండని. 'చేజారు', 'దిగజారు', 'జారిపడు', 'జారిపోవు', 'జారవిడుచు' వీటికీ అంతే. ఇవి 'జారు'కు తోకలు కావు. సీటు చేజారింది అన్నప్పుడు చేయి ఎవరికీ గుర్తు రాదు, విలువలు దిగజారాయి అన్నప్పుడు మెట్లు గుర్తు రావు. ఆ మాటలు తమ కాళ్ల మీద తాము నిలబడి ఎంతో కాలమైంది.

నోరు జారడం గురించి కొంచెం నిదానించి చెబుతాను, ఎందుకంటే పిల్లలు పెద్దయ్యాక ఎక్కువగా చిక్కుల్లో పడేది ఇక్కడే. నోరు జారడం, మాట తూలడం, నోరు పారేసుకోవడం, ఈ మూడింటికీ కలిపి 'అనుచితంగా మాట్లాడు' అని రాసేస్తే పని జరిగిపోయినట్టు కాదు. దాచవలసిన సంగతిని దాచుకోలేకపోయినా నోరు జారడమే, కోపంలో ఒక మాట ఎక్కువైనా నోరు జారడమే, కాని రెండింటిలోనూ అన్నవాడు వెంటనే నాలుక కరుచుకుంటాడు. మాట తూలినవాడికి ఎదుటివాడి మీద గౌరవం లేదు. నోరు పారేసుకున్నవాడికి ఎదుటివాడు ఎవరన్నదే పట్టదు. అందుకే తప్పు ఒప్పుకునేవాళ్లు ఎప్పుడూ 'నోరు జారాను' అంటారు తప్ప 'నోరు పారేసుకున్నాను' అనరు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అని మన పెద్దలు ఈ మాటను హెచ్చరికగా వాడారు. ఇప్పుడు నాయకులు దాన్నే క్షమాపణగా వాడుతున్నారు. ఈ మార్పు కూడా నిఘంటువుకు ఎక్కవలసిందే.

ఆ సామెతలోని కాలు మామూలు కాలు. ఇంకో కాలు జారడం ఉంది, అది ఒక ఆడపిల్ల గురించి గుసగుసగా అనే మాట. అదే తప్పులో భాగమున్న మగవాడి గురించి ఆ మాట నేను విన్నది చాలా తక్కువ. నిఘంటువు ఈ వాడుకను దాచకూడదు, ఉన్నది ఉన్నట్టు ఎక్కించాలి. కాని 'నీతి తప్పు' అని ఒక్క మాట రాసి వదిలేస్తే ఆ గుసగుసకు మీరు ముద్ర వేసినట్టవుతుంది. ఇది ఎక్కువగా స్త్రీల గురించే అంటారు, ఇది బాధించే మాట అని పక్కన ఒక సూచన చేర్చడం వల్ల మీ పుస్తకం నిష్పాక్షికత ఏమీ తగ్గదు. వినియోగం చెప్పడం నిఘంటువు పనే.

ఇక ఎవరినీ బాధించని జారుల దగ్గరికి వస్తాను. మా అమ్మకు కొలపాత్రలు లేవు. దోసెల పిండి గరిటె జారుగా ఉండాలి అనేది. గరిటెతో పిండిని పైకెత్తి, పక్కకు వంచి, అది వదిలే తీరు చూసేది. ధారగా తెగకుండా కారిపోతే నీళ్లెక్కువైనట్టు. గరిటెకు పట్టుకుని ముద్దగా పడితే ఇంకో గుక్కెడు నీళ్లు పొయ్యాలి. గరిటె అంచు దాకా మెల్లగా వచ్చి, ఒక్క క్షణం ఆగి, మడతలు పడుతూ గిన్నెలోకి దిగితే, అదీ గరిటె జారు. మిరపకాయ బజ్జీలకైతే అంత జారు పనికిరాదు, పిండి కాయను పట్టుకోవాలి. 'జారుగా' అంటే 'పలచగా' అని నిఘంటువు చెబితే అది అబద్ధం కాదు గాని, సగం నిజమే. మజ్జిగ పలచగా ఉంటుంది, దాన్ని ఎవరూ జారుగా ఉందనరు. జారు అనడానికి కొంత చిక్కదనం కావాలి, ఆ చిక్కదనం కదలడానికి ఒప్పుకోవాలి. ఇంత తేడాను మా అమ్మ మణికట్టు తిప్పి చూపేది. మీరు ఒక వాక్యంలో చెప్పగలరు.

జారుడుబండ కూడా అలాంటిదే. పార్కుల్లో రేకుతోనో ప్లాస్టిక్‌తోనో చేసినది జారుడుబల్ల. జారుడుబండ అంతకు ముందుది. తెలంగాణలో, రాయలసీమలో ఊరి పక్క గుట్టల మీద ఏనుగు వీపులా వంపు తిరిగిన నల్లరాతి పరుపులు ఉంటాయి. తరతరాల పిల్లలు ఒకే చోట జారి జారి, అక్కడ రాయి మీద ఒక బారు నిగనిగలాడుతూ ఉంటుంది, దూరానికే కనిపిస్తుంది. మేం తాటిమట్ట మీదో గోనెసంచి మీదో కూర్చుని జారేవాళ్లం. ఏమీ దొరకని రోజున నిక్కరుతోనే జారితే ఇంటికెళ్లాక వెనుక చిరుగు సాక్ష్యం చెప్పేది. కన్నడంలోనూ జారడానికి 'జారు' అనే అంటారు, ఈ ఆటస్థలాన్ని 'జారుబండె' అంటారు. ఇవి ఒకే ద్రావిడ కుటుంబపు మాటలని ఆరోపం కింద ఒక్క ముక్క రాస్తే, సంస్కృతపు జారుడు ఈ బండ మీది నుంచి తనంతట తానే దిగిపోతాడు.

జారుముడి సంగతి త్వరగా ముగిస్తాను. లాగితే ఊడివచ్చేది జారుముడి, లాగిన కొద్దీ బిగిసేది పీటముడి. చర్చలు తెగనప్పుడు పీటముడి పడిందని పత్రికలన్నీ రాస్తాయి. జారుముడికి మాత్రం ఆ భాగ్యం దక్కలేదు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించిన జారు సంగీతంలో ఉంది. కర్ణాటక సంగీతంలో ఒక స్వరం నుంచి మరో స్వరానికి తెగకుండా, దారిలోని నాదమంతా వినిపించేలా సాగే గమకాన్ని జారు అంటారు. వీణకు ఇరవై నాలుగు మెట్లు ఉన్నా, జారులో వేలు మెట్టుమెట్టుకూ ఆగదు, తంత్రిని వదలకుండా గమ్యం దాకా పోతుంది. ఈ మాటను తమిళ విద్వాంసులు కూడా ఇలాగే వాడతారు. ఎక్కే జారును ఏట్ర జారు అనీ, దిగే జారును ఇరక్క జారు అనీ అంటారు. ముందున్న విశేషణాలు తమిళం, వెనుక మాట మనది. 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో సుబ్బరామ దీక్షితులు వీటికి వాడిన గుర్తులు రెండు ఏటవాలు గీతలు, ఒకటి పైకి, ఒకటి కిందికి. తమిళనాట తెలుగు కీర్తన రాజ్యమేలిన కాలానికి ఇదొక గుర్తు. కాని నేను ఆగిపోయింది 'ఎక్కే జారు' దగ్గర. ఇంట్లో, వీధిలో, పత్రికలో, ఎక్కడ చూసినా మన జారు కిందికే పోతుంది. దిగజారు అంటామే గాని ఎక్కజారు అనం. పైకి జారగలిగింది ఒక్క స్వరమే. ఇరవై ఏళ్లుగా వీణ నేర్పుతున్న మా పక్కింటి అమ్మగారిని ఇది అడిగితే, "జారడమంటే పడడమని ఎవరన్నారండీ, విడిచిపెట్టకుండా పోవడం," అన్నారు. నా నోటుపుస్తకంలో 'జారు'కు నేను రాసుకున్న అర్థాల్లో అంత సూటిగా ఉన్నది ఇంకొకటి లేదు.

ఇలాంటి మాటలు పుస్తకాలను మాత్రమే వెతికితే దొరకవు. గిడుగు రామమూర్తి సవరల భాషకు నిఘంటువు కూర్చింది సవరల దగ్గర కూర్చునే. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశానికి జిల్లాలు తిరిగి రైతుల నోటి నుంచి మాటలు ఏరారు, ఆ తర్వాత చేనేతకు మరో సంపుటం వచ్చింది. ఆ దారి మనకు ఉంది. గీత కార్మికులు మోకు గురించి ఏమంటారో, వంటవాళ్లు పిండి గురించి ఏమంటారో, మంత్రసానులూ ఆశా కార్యకర్తలూ ఆడవాళ్ల నోట ఏం వింటున్నారో, వైణికులు పిల్లలకు ఏ మాటలతో నేర్పుతున్నారో వెళ్లి అడగమని సంపాదకులను కోరుతున్నాను. జీతం లేకుండా ఈ పని చేయడానికి నాలాంటి విశ్రాంత ఉద్యోగులు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. ఏం రాయాలో, ఎలా రాయాలో చెప్పే ఒక నమూనా చీటీ మీరు తయారు చేసి ఇస్తే చాలు.

సాంకేతిక బృందాలను అడిగేది వేరు. తెలుగు క్రియ ఎప్పుడూ ఒంటరిగా నడవదు. జారుకున్నాడు, జారవిడిచింది, జారిపోకుండా, జారనివ్వకు, పిల్లలు చదివే వాక్యాల్లో కనిపించేవి ఈ రూపాలే. వీటిలో దేన్ని వెతికినా అది ఏ ఆరోపానికి చెందుతుందో ఆ పుటకు తీసుకెళ్లాలి. దొరకని మాటకు అక్షరాలు కలిసే వేరే మాటను చూపడం మాత్రం దయచేసి ఆపండి. పిల్లలు వెతికే చోట దొరకలేదని చెప్పడం మంచిది, జారుడుబండకు బదులు జారుడిని చూపడం మంచిది కాదు. మాటను చదివి వినిపించే ఏర్పాటు ఉంటే, ఆరోపం పక్కన సంపాదకులు పెట్టిన దంత్య, తాలవ్య గుర్తును ఆ గొంతు పాటించేలా చూడండి.

నా నోటుపుస్తకంలో 'జారు' కింద రాసుకున్న వాక్యాలన్నిటికీ ఏ ఊళ్లో, ఎలాంటి సందర్భంలో విన్నానో పక్కనే రాసి ఉంచాను. అన్నవారి పేర్లు తీసేసి, సాఫు ప్రతి రాయడం మొదలుపెట్టాను. మీలో ఏ సంపాదక మండలి అడిగినా నా ఖర్చుతో నకలు తీయించి పంపుతాను. చివర రెండు పేజీలు ఖాళీగా వదిలాను, వచ్చే శనివారం తరగతిలో పిల్లలు తమ ఇళ్లలో విన్న జారులు తెస్తామన్నారు.

ఇట్లు,
ఒక మాజీ ఉపసంపాదకుడు, వారాంతపు తెలుగు మాస్టారు